ట్రస్టు వాటా

"కూరలో కారం తగ్గించు ఇంద్రా, రాయ్‌పుర్ వాళ్ళు మనలా తినలేరు," అన్నాడు కళ్యాణ్ వంటింటి గుమ్మంలో నిలబడి.

ఇంద్రాణి ఇంకా కూర దగ్గరికే రాలేదు. కిటికీ చువ్వల మీద పేరుకున్న ఎర్రదుమ్మును తడిగుడ్డతో తుడుస్తోంది. కిరండూల్లో ఏ ఇల్లాలికైనా పొద్దున్నే మొదటి పని అదే. పైన ఇనుపరాతి కొండ తవ్వుతున్నంతకాలం కింద ఇళ్ళలో గుడ్డలు పిండుతూనే ఉండాలి. తుడిచిన చోట మధ్యాహ్నానికి మళ్ళీ ఎరుపు తేలుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె ఈ దుమ్ముతో పంతం పట్టేది. ఇప్పుడు ఊరికే తుడుస్తుంది.

"డైరెక్టర్ గారు శాకాహారి. పనీర్ కూర వేరే గిన్నెలో చెయ్యి. గరిటె కూడా వేరే పెట్టు," అని వెళ్ళబోతూ ఆగి, "ఇవాళ అంతా తేలిపోవాలి," అన్నాడు.

తేలవలసింది సేవా ట్రస్టు ఆసుపత్రి సంగతి. కళ్యాణ్ గని కంపెనీలో అకౌంట్సు ఆఫీసరు. ట్రస్టుకు కోశాధికారి కూడా. టౌన్‌షిప్పు దాటాక బస్సులు ఆగే మలుపులో, విశాఖ వైపు నుంచి ఉద్యోగాలకొచ్చిన పాతతరం వాళ్ళు చందాలు వేసుకుని కట్టిన ఆసుపత్రి అది. లాభం తీసుకోకూడదన్నది దాని నియమం. నియమం నిలబడింది గాని ఆసుపత్రే నిలబడేటట్టు లేదు. నర్సుల జీతాలు ఆలస్యమవుతున్నాయి. ఆపరేషను చేసే డాక్టరు లేడు. కాన్పు కష్టమైతే జగ్దల్‌పుర్ పరుగెత్తాలి. అందుకని రాయ్‌పుర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రితో పొత్తు. స్థలం, పేరు ట్రస్టువి. స్కానింగు యంత్రాలు, డాక్టర్లు వాళ్ళవి. వచ్చే ఆదాయంలో ఇద్దరికీ వాటా. ఈ పొత్తు కుదరాలని ఇంద్రాణి కూడా కోరుకుంది. జగ్దల్‌పుర్ దారిలో, బండిలోనే ప్రాణం పోయిన ఒక గర్భిణి తల ఆ వేళ ఆమె ఒళ్ళోనే ఉంది. ఆపరేషను థియేటరు వస్తుందన్న మాట విన్నరోజు ఆమె దేవుడి గదిలో దీపం పెట్టింది.

ఆ ఆసుపత్రిలో ఆమె చేసేది సేవ. కళ్యాణ్ దానికి పెట్టిన పేరు అది. పొద్దున్న వంట ముగించి వెళ్ళి, దోర్లి, గోండి తప్ప మరో భాష రాని కొండ ఊళ్ళ ఆడవాళ్ళకూ డాక్టర్లకూ మధ్య నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతుంది. "సేవ చేసుకో, ఎవరొద్దన్నారు. అన్నం వేళకి మాత్రం ఇంట్లో ఉండు," అని అత్తగారి షరతు.

ఆ భాషలు ఆమెకు పుట్టిన ఊరు మరైగూడలో వచ్చాయి. తండ్రికి అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉండేది. చింతపండు, ఇప్పపువ్వు కొనే షావుకారు సుక్మా నుంచి వస్తే అడవి ఊళ్ళ వాళ్ళకూ ఆయనకూ మధ్య తండ్రే మాట్లాడేవాడు. మొదలుపెట్టేటప్పుడల్లా, "ఇది షావుకారు మాట," అనేవాడు. చివర్లో ఎవరైనా అడిగితే, "ఇక ఇది నా మాట," అని తను అనుకున్నది చెప్పేవాడు. అక్కడి రివాజు అది. మాట మోసేవాడు ఎవరిది మోస్తున్నాడో ముందు చెప్పాలి, చెప్పకపోతే వాడిని దొంగ కింద లెక్కగడతారు. భద్రాచలంలో బి.ఏ. చదివినా ఇంద్రాణికి ఆ కొట్టు అరుగు మీది చదువే ఎక్కువ వంటబట్టింది.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన వారంలోనే అత్తగారు దిద్దుబాటు మొదలుపెట్టారు. "'ఏంది' ఏమిటమ్మా, పాలేళ్ళలాగా? 'ఏమిటి' అను." చిన్ననాటి స్నేహితురాలు లక్కే ఫోను చేస్తే దోర్లిలో మాట్లాడుతుండగా చెయ్యి అడ్డం పెట్టి, "ఆ అడవిభాష ఇంట్లో వద్దు. రేపు పిల్లలు పుడితే అదే పట్టుకుంటారు," అన్నారు. ఇంద్రాణి 'ఏమిటి' నేర్చుకుంది. లక్కే ఫోను చెయ్యడం మానేసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు ట్రస్టు మీటింగులో, కొండ ఊళ్ళ పేషెంట్ల మాట ఎవరికీ అర్థం కావడం లేదని డాక్టరు మొత్తుకుంటే, "మా ఆవిడకి ఆ భాషలన్నీ వచ్చండి," అని కళ్యాణే చెప్పాడు. ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. ఇల్లంతా సిగ్గుపడిన భాష ఊరికి పనికొచ్చిందని ఆమె కూడా మురిసిపోయింది. అది తలచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీదే జాలి కలుగుతుంది.

వార్డు వెనక రేకుల షెడ్డు ఆమె పోరి కట్టించింది. కొండ ఊళ్ళ నుంచి ఆసుపత్రికి రోగి ఒక్కతే రాదు, ఇల్లే కదిలొస్తుంది. బియ్యం మూట, మసిబారిన కుండ, ఒక్కోసారి గంప కింద కోడి. పొయ్యి పెట్టుకునే చోటు లేనివాళ్ళే మందులు సగంలో వదిలేసి పారిపోతున్నారని ఆమె కనిపెట్టింది. షెడ్డు వచ్చాక పారిపోవడం తగ్గింది. ఇప్పుడు అక్కడ మంగి అనే పెద్దామె కోడలి కోసం జావ కాస్తోంది. కోడలు పొజ్జే నిండు గర్భిణి. కాళ్ళు, ముఖం వాచిపోయి వచ్చింది. బీపీ దిగడం లేదు. కదిలిస్తే ఫిట్స్ వస్తాయని డాక్టరు చెప్పాడు. ఇప్పపువ్వు రాలే కాలం, ఇంటికి పోతామని మంగి మూట కడితే ఇంద్రాణే ఆపింది.

"ఇది డాక్టరు మాట. కాన్పయ్యేదాకా పిల్లను కదిలించొద్దు."

"మరి నీ మాట ఏంది బిడ్డా?"

"ఇది నా మాట. నీ పొయ్యికి నేను పూచీ."

మంగి మూట విప్పింది.

భోజనాల దగ్గర మాటలన్నీ హిందీలో నడిచాయి. ట్రస్టు అధ్యక్షుడు రామారావు గారు రిటైరైన ఇంజినీరు. పులిహోర మారు వడ్డించుకుంటూ అన్నిటికీ తలూపుతున్నారు. రాయ్‌పుర్ ఆసుపత్రి డైరెక్టరు వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. ఇంద్రాణి వడ్డించినప్పుడల్లా "బస్, భాభీజీ, బస్," అని చాలన్నట్టు చెయ్యి చూపి, కళ్ళెత్తి చూసి మరీ నవ్వుతున్నాడు. స్కానింగు భవనం ఎక్కడ కట్టాలో చెబుతూ వార్డు వెనక రేకుల షెడ్డున్న జాగా అన్నాడు. లారీ తిరగడానికి అదొక్కటే అనువు.

"షెడ్డు తీసేస్తే వాళ్ళు ఉండరండి," అంది ఇంద్రాణి, అన్నం గిన్నె చేతిలో ఉండగానే.

పళ్ళేల మీద చేతులు ఆగాయి.

"ఎవరు భాభీజీ?"

"కాన్పులకొచ్చేవాళ్ళు. కడుపుతో ఉన్న మనిషికి పరాయి పొయ్యి మీది కూడు పెట్టరు. ఇంటి పెద్దలు, అంటే చనిపోయిన పెద్దలు, ఒప్పుకోరని వాళ్ళ నమ్మకం."

"క్యాంటీన్ పెడుతున్నాం కదా. శుభ్రంగా, వేడివేడిగా. ఆవరణలో పొగ కనిపిస్తే మాకు గుర్తింపు ఇచ్చేవాళ్ళు ఒప్పుకోరు."

"ఆకలేస్తే వాళ్ళే తింటారు లేమ్మా," అన్నారు రామారావు గారు.

"మా ఆవిడకి ఎక్కడికెళ్ళినా పొయ్యి మీదే ధ్యాస," అన్నాడు కళ్యాణ్. అందరూ నవ్వారు. లోపలి గదిలోంచి అత్తగారి నవ్వు కూడా వినిపించింది.

డైరెక్టరు మాత్రం వెంటనే నవ్వు ఆపేశాడు. "కాని మేడమ్ లాంటి మనిషి మాకు కావాలి. ఈ జనానికి మా మాట చేరవెయ్యాలి కదా. మా దగ్గర ఆ పనికి ఉద్యోగం ఉంది, జీతం ఉంది."

"అబ్బెబ్బే, అదేం వద్దండి," అన్నాడు కళ్యాణ్. "తను సేవగానే చేస్తుంది. దాన్ని మా ట్రస్టు వాటా కింద వేసుకోండి."

డైరెక్టరు మెచ్చుకోలుగా తలూపాడు. ఇంద్రాణి వేరే గిన్నెలోంచి వేరే గరిటెతో పనీర్ వడ్డించింది. స్థలం ట్రస్టుది. పేరు ట్రస్టుది. నోరు తనది. అన్నీ కలిపితే ట్రస్టు వాటా. ఆ మాట అంటున్నప్పుడు కళ్యాణ్ ముఖంలో కపటమేమీ లేదు, అచ్చంగా దాతృత్వమే కనిపించింది. ఉన్నదాంట్లోంచి ఇచ్చే మనిషి ముఖం అలాగే ఉంటుంది.

గిన్నెలు తోముకున్నాక అడిగింది. "నన్ను ఒక్కమాట అడగాలి కదండీ."

"కోశాధికారి భార్య జీతానికి చేరిందంటే నలుగురూ ఏమనుకుంటారు? అయినా నీకిప్పుడు డబ్బుకి లోటేమిటి?"

"నేను డబ్బు సంగతి అనడం లేదు."

"మరింకేమిటి?"

అది ఏమిటో అతనికి తెలిసిన భాషలో చెప్పడం ఆమెకు చేతకాలేదు. తుడుపుగుడ్డ ఆరేసి వచ్చింది.

సంతకాలు తొందరగానే అయ్యాయి. రాయ్‌పుర్ నుంచి వచ్చిన మేనేజరు ఆమెను ఏసీ గదిలో కూర్చోబెట్టి, గేటు దగ్గర మైకులో వినిపించడానికి దోర్లిలో, గోండిలో నాలుగు మాటలు ఫోనులోకి చెప్పమన్నాడు. ఆవరణలో వంట చెయ్యకూడదు, క్యాంటీన్లో భోజనం దొరుకుతుంది, ప్రభుత్వ ఆరోగ్య కార్డు తెచ్చుకుని యంత్రం మీద వేలిముద్ర వెయ్యాలి, డాక్టరు స్కానింగు రాస్తే భయపడకుండా తీయించుకోవాలి. ఇంద్రాణి ప్రతి మాటకూ ముందు "ఇది ఆసుపత్రి మాట" అని చేర్చింది.

"ఆ ముక్క ప్రతిసారీ ఎందుకు మేడమ్?"

"అది లేకుండా నేను చెప్పను."

"ఠీక్ హై, ఠీక్ హై," అన్నాడు మేనేజరు, చెయ్యెత్తి.

షెడ్డు మర్నాడే కూలుస్తారని తెలిసిన సాయంత్రం ఆమె కళ్యాణ్‌ను బతిమాలింది. పొజ్జే కాన్పయ్యేదాకా ఆగమంది. "ఒక్క మనిషి కోసం పొత్తు ఆపుతామా? పొక్లెయినుకి అద్దె నడుస్తోంది," అన్నాడు. పోనీ అప్పటిదాకా మంగిని మన పెరట్లో వండుకోనివ్వండి, మందారం చెట్టు పక్కన మూడు రాళ్ళు పెడితే చాలు, అంది. ఈ మాటకు అత్తగారు గదిలోంచి బయటికొచ్చారు.

"మన పెరట్లో వాళ్ళ పొయ్యా? క్వార్టర్లలో తలెత్తుకు తిరగనిస్తావా మమ్మల్ని?"

కళ్యాణ్ టీవీ గొంతు పెంచాడు. ఆ పెరట్లో ప్రతి మొక్కనూ నాటింది ఇంద్రాణే. పాదులు తవ్వింది, నీళ్ళు మోసింది, ఆకుల మీది ఎర్రదుమ్ము కడిగింది. అయినా మూడు రాళ్ళు పెట్టుకునేంత నేల అందులో ఆమెది కాదు. పూచీ పడేటప్పుడు ఆ సంగతి మరచిపోయింది.

పొద్దున్నే షెడ్డు ముందు పొక్లెయిను నిలబడి ఉంది. కళ్యాణ్, మేనేజరు ఆమెకు నాలుగడుగుల వెనక నిలబడ్డారు. మంగి కుండ దించకుండానే తలెత్తింది.

"ఇక్కడ ఇక పొయ్యి పెట్టొద్దంట. షెడ్డు కూలుస్తారంట. అన్నం క్యాంటీన్లో ఇస్తారంట," అంది ఇంద్రాణి దోర్లిలో.

"ఎవరి మాట బిడ్డా ఇది?"

"ఆసుపత్రి మాట."

మంగి జావ కలుపుతున్న గరిటె ఆపింది. "నీ మాట ఏంది?"

"ఏమంటోంది?" అన్నాడు వెనక నుంచి కళ్యాణ్.

ఉండమంటే ఏ పొయ్యి చూపించాలి? పొమ్మంటే పొజ్జే ఏమవుతుంది? కోడలికి క్యాంటీన్ కూడు పెట్టమని చెబితే ఈ మనిషి తన పెద్దల ముందు ఏ ముఖంతో నిలబడుతుంది? మంగి కళ్ళు ఆమె నోటినే చూస్తున్నాయి. ఇంద్రాణికి తండ్రి గుర్తొచ్చాడు. ఆయన కొట్టు ఆయనది, అరుగు ఆయనది. అందుకే ఆయనకు మాట ఉండేది.

"నా మాట లేదు," అంది.

మంగి కుండ దించింది. నిప్పు మీద నీళ్ళు పోసింది. బుసబుసమని లేచిన పొగకు మేనేజరు ముక్కు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి మంచం ఖాళీ. వాచిన కాళ్ళతో పొజ్జే బస్సెక్కిందని, చంకలో కోడిని పట్టుకుని అత్త వెనకాలే ఎక్కిందని ఆయా చెప్పింది. ఆపడానికి ఎవరున్నారు? మాట తెలిసిన మనిషి అన్నం వేళకు ఇంటికి వెళ్ళిపోయింది, ఇంట్లో పప్పు తాలింపు పెడుతోంది.

భవనం లేచింది. ప్రారంభోత్సవానికి కొండ ఊళ్ళ నుంచి జీపుల్లో జనాన్ని తెచ్చారు. రెండు ఆసుపత్రుల పేర్లూ ఒకే బోర్డు మీద రాశారు, ట్రస్టు పేరు పైన, వాళ్ళది కింద. ఆపరేషను థియేటరు నిజంగానే వచ్చింది. తెల్లటి గది, పెద్ద దీపం. ఇంద్రాణి గుమ్మంలోనే ఆగి చూసింది. తను కోరుకున్నదంతా వచ్చింది. రామారావు గారు ఆమెకు శాలువా కప్పి, ఈ భాగస్వామ్యంలో మా ఇంద్రాణమ్మ పాత్ర మరువలేనిది అన్నారు. కుర్చీలో ముందుకు వంగి అత్తగారు పక్కావిడతో, "ఇన్నాళ్ళకి ఆ భాష అక్కరకొచ్చింది," అన్నారు.

వేదిక దిగాక పొజ్జే ఊరి ఆడమనిషి ఒకామె కనిపించింది. ఇంద్రాణి గుర్తుపట్టి దగ్గరికెళ్ళింది.

"పొజ్జే ఎట్లున్నది?"

ఆమె శాలువా వైపు చూసింది. "మట్టి చేసినం. ఇంటికాడ నొప్పులు రాకముందే వణుకొచ్చింది. నాలుక కొరుక్కున్నది. కడుపుల బిడ్డ కడుపులనే పోయింది."

"మంగి..."

"ఉన్నది. నిన్నేం తిట్టలేదు. ఆమెకు మాట లేదంట పాపం, అని చెప్పింది అందరికీ."

అప్పుడే గేటు మీద మైకు మోగింది. ఇంద్రాణి తన గొంతు తానే విన్నది. "ఆవరణలో వంట చెయ్యకూడదు అక్కల్లారా. క్యాంటీన్లో అన్నం దొరుకుతుంది. స్కానింగు రాస్తే తీయించుకోండి, భయపడొద్దు." ఇంపుగా, అక్క చెల్లెళ్ళకు చెప్పినట్టు ఉంది. ఆసుపత్రి మాట అన్న ముక్క ఎక్కడా లేదు. ఆ ముక్క ఉండాల్సిన చోట చిన్న పిల్లనగ్రోవి చప్పుడు పెట్టారు. పక్కనున్న ఆడమనిషి మైకు వైపు చూసింది, తర్వాత ఇంద్రాణి నోటి వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇంటికెళ్ళేదాకా ఆగలేక కారులోనే అంది, "ఆ రికార్డింగు తీయించండి."

"ఎందుకు? ఎంత స్పష్టంగా ఉందో. డైరెక్టర్ గారు కూడా మెచ్చుకున్నారు."

"ముందు మాట కోసేశారు."

"నిడివి తగ్గించి ఉంటారు. అయినా నీ గొంతే కదా, నువ్వు చెప్పినవే కదా?"

"అవి నేను చెప్పినవి కావు. నేను మోసినవి."

కళ్యాణ్ అద్దంలోంచి తల్లి వైపు చూసి, "శాలువా కప్పిన రోజే మొదలుపెట్టావా?" అన్నాడు. తర్వాత కాస్త మెత్తగా చెప్పాడు. "అది తీయించడం ఇప్పుడు మన చేతిలో లేదు ఇంద్రా. వాటాలో ఇచ్చేశాం. నువ్వు రేపటి నుంచి వెళ్ళకపోయినా ఫరవాలేదు. రికార్డింగు ఉందిగా, ఇంట్లో హాయిగా ఉండు."

ఆమె ఇంట్లో ఉంది. గాలి ఇటు వీచిన పూట మలుపు దగ్గర మైకు వంటింట్లోకి వినిపిస్తుంది. కిటికీ తుడుస్తూ, తన గొంతు ఎవరెవరినో లోపలికి పిలవడం వింటుంది. "చూశావా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు, నీ సేవ అక్కడ నడుస్తూనే ఉంది," అని అత్తగారు ఒకరోజు నవ్వారు. ఆ మాటకు ఇంద్రాణి చేతిలోని గుడ్డ ఆగింది. నల్లా కట్టేసి, గుడ్డ కిటికీకే వదిలేసి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి? పప్పు పొయ్యి మీద ఉంది," అన్నారు అత్తగారు.

"మీరు దించుకోండి అత్తయ్యా."

గేటు బయట, బస్సు దిగిన ఆడవాళ్ళు మూటలు నేలమీద పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకామె కుండ తలమీదే ఉంది. దాన్ని ఎక్కడ దించాలో తోచక మైకు వైపు చూస్తోంది. సెక్యూరిటీ అతను ఇంద్రాణిని చూసి సలాము చేశాడు. లోపలికి రమ్మని చెయ్యి చూపించాడు. ఆమె లోపలికి వెళ్ళలేదు.

"ఇంత బాగ చెబుతున్నది ఎవరు అక్కా?" అని కుండ తలమీదున్నామె దోర్లిలో అడిగింది.

ఇంద్రాణి దగ్గర ఆమెకు చూపించడానికి పొయ్యి లేదు, పెరడు లేదు. లోపల డాక్టరున్నాడు, తెల్లగదిలో దీపం ఉంది. పొజ్జేకి కావలసినవన్నీ ఉన్నాయి. వెళ్ళమనడానికి, వద్దనడానికి కూడా ఆమెకు ధైర్యం లేదు. పైన ఆ గొంతు అలసిపోదని, కింద తనది అలసిపోతుందని తెలుసు. రేపు ఈ సెక్యూరిటీ అతనే తనను పక్కకు పొమ్మంటాడనీ తెలుసు. రేపు కూడా వస్తుంది. మైకు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగింది. పిల్లనగ్రోవి మొదలయ్యేలోపు ఆమె గబగబా చెప్పింది.

"ఇది నా మాట అక్కా. ఆ గొంతు నాది. ఆ మాట నాది కాదు."